బడి రోబో జట్లు: సికింద్రాబాద్‌లో పోటీలు, బరి బయటి పని

పాఠశాల రోబోటిక్స్ జట్టు అంటే ఒక బడిలోనో కాలనీలోనో కొందరు విద్యార్థులు కలిసి, ఒక పోటీ సీజన్ కోసం రోబోను కట్టి, ప్రోగ్రాం రాసి, బరిలో నడిపే బృందం. మిగతా ఆటల జట్లకున్నట్టే దీనికీ కోచ్, యూనిఫాం, ప్రాక్టీసు, ప్రత్యర్థులు ఉంటారు. కాకపోతే ఇక్కడ ఆటే ఏటా మారిపోతుంది. నిరుడు కప్పు తెచ్చిన రోబోను ఈ ఏడు విప్పేసి విడిభాగాల డబ్బాలో వేసుకోవలసిందే. ఇంకో విశేషం కూడా ఉంది: బరి బయట జట్టు ఏం చేసిందన్నదానికీ మార్కులుంటాయి. పక్క బడి పిల్లలకు నేర్పారా, ఇంజినీర్లను కలిసి సలహా తీసుకున్నారా, చుట్టుపక్కల సమస్య ఏదైనా పట్టించుకున్నారా అని జడ్జీలు అడుగుతారు. జట్ల భాషలో ఈ పని పేరు ఔట్‌రీచ్.

సికింద్రాబాద్‌కు యంత్రాలు కొత్త కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. తిరుమలగిరిలో సైన్యానికి ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఒకవైపు బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ, ఇంకోవైపు కుషాయిగూడ దగ్గర 1967లో పుట్టిన ఈసీఐఎల్. ఇంట్లో తాతయ్యో మేనమామో ఫిట్టర్‌గానో, టర్నర్‌గానో, ఫోర్‌మన్‌గానో చేసిన పిల్లలు ఈ ఊళ్లో ప్రతి తరగతిలో ఒకరిద్దరు కనిపిస్తారు. అయినా బడిలో రోబో కట్టడం అనేది ఇక్కడికి ఆ వర్క్‌షాపుల నుంచి రాలేదు. విదేశీ పోటీల రూల్ బుక్కుల ద్వారా వచ్చింది.

జనం దృష్టిలో రోబో అంటే వేరే బొమ్మ. 2017 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో ప్రధాని మోదీనీ, ఇవాంకా ట్రంప్‌నీ స్వాగతించిన 'మిత్ర', మరుసటి ఫిబ్రవరిలో ఐటీ కాంగ్రెస్ వేదికపై ఇంటర్వ్యూ ఇచ్చిన 'సోఫియా' పత్రికల మొదటి పేజీకెక్కాయి. బడి జట్టు కట్టేది మాట్లాడదు, నవ్వదు. నాలుగు చక్రాలు, రెండు మూడు మోటార్లు, ఒక చిన్న కంప్యూటర్, దేన్నో ఎత్తడానికో నెట్టడానికో ఒక చెయ్యి. చూడటానికి వచ్చిన పెద్దవాళ్లు మొదట కాస్త నిరాశపడతారు.

పోటీల పుట్టుక

1970ల్లో అమెరికాలోని ఎంఐటీలో వుడీ ఫ్లవర్స్ అనే అధ్యాపకుడు ఇంజినీరింగ్ డిజైన్ తరగతికి పోటీ రూపమిచ్చి ప్రసిద్ధం చేశాడు. విద్యార్థులందరికీ ఒకే రకం సామాన్లున్న పెట్టె ఇచ్చేవారు. దాంతోనే యంత్రం కట్టి, చివర తోటివాళ్ల యంత్రంతో తలపడాలి. వైద్య పరికరాలు కనిపెట్టి పేరు తెచ్చుకున్న డీన్ కేమెన్ 1989లో 'ఫస్ట్' అనే సంస్థను స్థాపించాక, ఫ్లవర్స్ అతనితో చేతులు కలపడంతో ఆ పద్ధతి హైస్కూలు పిల్లల దాకా దిగింది. 1992లో న్యూ హాంప్‌షైర్‌లో ఒక బడి జిమ్‌లో జరిగిన మొదటి పోటీకి 28 జట్లు వచ్చాయి.

ఫ్లవర్స్ ప్రచారం చేసిన 'గ్రేషస్ ప్రొఫెషనలిజం' అన్న మాట నేటికీ ఈ పోటీల్లో మంత్రంలా వినిపిస్తుంది. గట్టిగా పోరాడాలి, అవతలివాళ్ల మోటార్ కాలిపోతే మన స్పేర్ తీసి ఇవ్వాలి, ఆ తర్వాత వాళ్లతోనే తలపడాలి. మొదటిసారి వెళ్లిన పిల్లల తల్లిదండ్రులకు ఇది మింగుడుపడదు. ర్యాంకుల లెక్కల్లో మునిగితేలే మన చదువుల వాతావరణంలో ప్రత్యర్థికి స్క్రూడ్రైవర్ అందించడం అమాయకత్వంగానే కనిపిస్తుంది.

ఫస్ట్ సంస్థ పోటీలు వయసును బట్టి మెట్లుగా ఉంటాయి. లెగో కంపెనీతో కలిసి 1990ల చివర మొదలైన ఫస్ట్ లెగో లీగ్ చిన్నవాళ్లది. ఫస్ట్ టెక్ ఛాలెంజ్ 12 నుంచి 18 ఏళ్లవాళ్లది. యాభై కిలోల పైచిలుకు రోబోలు తిరిగే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ అన్నిటికన్నా పెద్దది. లెగో 1998లో తెచ్చిన మైండ్‌స్టార్మ్స్ కిట్ ఈ రంగాన్ని బడుల్లోకి తోసింది. ఆ పేరు సేమర్ ప్యాపర్ట్ 1980లో రాసిన పుస్తకానిది. పిల్లలు కంప్యూటర్ చెప్పినట్టు వినడం కాదు, పిల్లలే కంప్యూటర్‌కు నేర్పాలన్నది ఆయన వాదం.

ఆసియాలో ఇంకో పాయ వరల్డ్ రోబో ఒలింపియాడ్. దీని మొదటి ఫైనల్ 2004లో సింగపూర్‌లో జరిగింది. 2016లో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో భారత్ ఆతిథ్యమిచ్చింది, ఆ ఏడు అంశం చెత్త నిర్వహణ. మన దేశంలో దీనితో పాటు ఫస్ట్ లెగో లీగ్‌నూ ఇండియా స్టెమ్ ఫౌండేషన్ నడిపిస్తూ వచ్చింది.

బల్ల మీద 150 సెకన్లు

లెగో లీగ్ ఆట నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న బల్లపై పరిచిన చాప మీద జరుగుతుంది. దాని మీద ఏడాది అంశాన్ని బట్టి చిన్న చిన్న నమూనాలు అమరుస్తారు. రోబో వాటిని తిప్పాలి, ఎత్తాలి, ఇంటి గడిలోకి తేవాలి. వ్యవధి రెండున్నర నిమిషాలు. రిమోట్ ఉండదు. ఇంటి గడి దాటాక రోబోను చేత్తో ముట్టుకుంటే పాయింట్లిచ్చే టోకెన్ ఒకటి పోతుంది. పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని, తాము రాసిన ప్రోగ్రాం తమ పరువు తీయకుండా ఉండాలని చూస్తుంటారు.

రోబో దారి తప్పడానికి కారణాలు ఎప్పుడూ చిన్నవే. లెగో కిట్‌లో మామూలుగా వాడే చక్రం వ్యాసం 56 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 176. అంటే ఒక మీటరు ముందుకు పోవాలంటే మోటార్ సుమారు 2,046 డిగ్రీలు తిరగాలి. వ్యాసాన్ని 55 అనుకుని లెక్క వేస్తే మీటరుకు 18 మిల్లీమీటర్లు ఎక్కువ పోతుంది. నమూనా మీట పక్కనుంచి జారిపోవడానికి అది చాలు. తొమ్మిదో తరగతి పిల్లాడికి 'పై' విలువ మార్కుల కోసం కాకుండా అక్కరకొచ్చేది బహుశా ఇక్కడే.

ఆ తర్వాత బ్యాటరీ. మొదటిసారి రోబో కట్టినవాళ్లు 'రెండు సెకన్లు ముందుకు, అర సెకను కుడికి' అని రాస్తారు. సాయంత్రం నిండా ఛార్జ్ ఉన్నప్పుడు సరిగ్గా తిరిగిన రోబో, పొద్దున పది పరుగులయ్యాక సగం మలుపులోనే ఆగిపోతుంది. వోల్టేజి తగ్గితే మోటార్ వేగం తగ్గుతుంది కాబట్టి అదే సమయంలో తక్కువ దూరం పోతుంది. అందుకే అనుభవమున్న జట్లు కాలాన్ని కాకుండా చక్రం తిరిగిన కోణాన్ని కొలుస్తాయి, మలుపు కోణం కొలవడానికి జైరో సెన్సర్ వాడతాయి, గోడ దొరికితే రోబోను దానికి ఆనించి తిన్నగా చేసుకుంటాయి. నల్ల గీతను పట్టుకుని పోయే రోబోకు ఇంకో గండం హాల్లో లైట్లు. ట్యూబ్‌లైటు కింద గదిలో నేర్చుకున్న నలుపు తెలుపులు ఫ్లడ్‌లైట్ల హాల్లో వేరే అంకెలుగా కనిపిస్తాయి. మ్యాచ్‌కు ముందు జట్టు చేసే చివరి పనులు రెండు: సెన్సర్‌ను మళ్లీ క్యాలిబ్రేట్ చెయ్యడం, తడిగుడ్డతో చక్రాలకంటిన దుమ్ము తుడవడం.

అయితే లెగో లీగ్‌లో ఈ బల్ల మీది స్కోరు నాలుగో వంతే. రోబో డిజైన్ గురించి, జట్టుగా ఎలా పనిచేశారన్నదాని గురించి, ఆ ఏటి అంశం మీద చేసిన ఇన్నోవేషన్ ప్రాజెక్టు గురించి జడ్జీల గదిలో జరిగే సంభాషణకు మిగతా మూడు వంతులు పోతాయి.

టెక్ ఛాలెంజ్ ఆటకు పన్నెండడుగుల చదరపు బరి. మొదట్లో రోబో 18 అంగుళాల ఘనంలో ఇమడాలి. తొలి 30 సెకన్లు దానంతటదే నడుస్తుంది, తర్వాత రెండు నిమిషాలు ఇద్దరు డ్రైవర్లు వీడియోగేమ్ కంట్రోలర్లతో నడుపుతారు. ఒక్కో వైపు రెండు జట్లు కలిసి ఆడతాయి. తొలి మ్యాచ్‌ల్లో ఎవరి పక్కన ఎవరు పడతారో చీటీ తీసినట్టే. చివరి ఘట్టంలో మాత్రం ముందున్న జట్లు తమ భాగస్వాములను ఎంచుకుంటాయి. పొద్దున ఓడించిన జట్టే మధ్యాహ్నం తోడు కావచ్చు. మర్యాదకు విలువలే కాకుండా ఇలాంటి గట్టి కారణం కూడా ఉందన్నమాట.

వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లో పరీక్ష ఇంకో రకం. రోబోమిషన్ విభాగంలో పోటీ రోజు పొద్దున ఒక 'సర్‌ప్రైజ్ రూల్' ప్రకటిస్తారు. ఇంట్లో కోచ్ రాసిపెట్టిన ప్రోగ్రాంతో వచ్చిన జట్టు అక్కడే దొరికిపోతుంది. ఫ్యూచర్ ఇంజినీర్స్ విభాగంలో చిన్న కారు తనంతట తాను మూడు చుట్లు కొట్టాలి, ఎర్ర దిమ్మె వస్తే కుడి పక్క నుంచి, పచ్చ దిమ్మె వస్తే ఎడమ పక్క నుంచి తప్పించుకోవాలి. ఇందులో ఫలానా కంపెనీ కిట్టే వాడాలన్న నియమం లేదు. ఈ వెసులుబాటు సికింద్రాబాద్ లాంటి ఊరికి బాగా కలిసొస్తుంది.

రాణీగంజ్, పార్క్ లేన్, కోఠి

రాణీగంజ్ సందుల్లో బేరింగులు, బోల్టులు, పుల్లీలు, పంపులు, మోటార్లు దొరకని దుకాణం ఉండదు. పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను కుర్రాళ్లు సీటీసీ అంటారు. పాత ల్యాప్‌టాప్ బాగుచేయించాలన్నా, కేబుల్ కావాలన్నా అక్కడికే. ఎలక్ట్రానిక్స్ విడిభాగాలకు హుస్సేన్‌సాగర్ దాటి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లడం రివాజు.

ఖరీదైన కిట్టు కొనలేని జట్టు సామాన్ల జాబితా దాదాపు అన్నిచోట్లా ఒకటే: ఆర్డ్యునో బోర్డు, పసుపు రంగు బీఓ మోటార్లు రెండో నాలుగో, ఎల్298 మోటార్ డ్రైవర్, రెండు ఐఆర్ సెన్సర్లు, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, ఎం3 స్క్రూలు, జంపర్ వైర్లు. ఇటలీలో 2005లో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డ్యునో డిజైన్‌ను ఎవరైనా తయారు చేసుకోవచ్చు కాబట్టి దాని నకళ్లు చవగ్గా దొరుకుతాయి. ఈ చవక సామాను నేర్పే పాఠాలు వేరు. ఎల్298 డ్రైవర్ తనలోనే దాదాపు రెండు వోల్టులు మింగేస్తుంది, ముట్టుకుంటే చుర్రుమంటుంది. ఏడున్నర వోల్టుల బ్యాటరీ పెట్టామని మురిసిపోయిన పిల్లలు మల్టీమీటర్ పెట్టి చూస్తే మోటార్‌కు చేరేది అయిదున్నరే. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు బీఓ మోటార్లు ఒకే వేగంతో తిరగవు. రోబో ఒక పక్కకు లాగేస్తుంది. కిట్టులో కంపెనీవాళ్లు ముందే సర్దిపెట్టిన ఈ చిక్కులన్నీ ఇక్కడ విద్యార్థి చేతికే వస్తాయి. ఇంజినీరింగ్ తెలియాలంటే ఇదే మేలని వాదించే మెంటర్లున్నారు. పోటీ గెలవాలంటే మాత్రం కిట్టే మేలు, ఆ విషయం వాళ్లూ ఒప్పుకుంటారు.

2023 మార్చిలో రాయదుర్గంలో తెరుచుకున్న టీ-వర్క్స్ ఈ సమీకరణాన్ని కొంత మార్చింది. 78 వేల చదరపు అడుగుల ఆ ప్రభుత్వ ప్రోటోటైపింగ్ కేంద్రంలో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్, సర్క్యూట్ బోర్డులు చేసే యంత్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే మారకుండా రాయదుర్గంలో దిగవచ్చు. అదే ఏడాది మే నెలలో తెలంగాణ ప్రభుత్వం రోబోటిక్స్ ఫ్రేమ్‌వర్క్ కూడా విడుదల చేసింది. దాని గురి ప్రధానంగా పరిశ్రమ, స్టార్టప్‌ల మీద ఉంది; బడి పిల్లలకు అందేది దూరపు నీడే.

టింకరింగ్ ల్యాబు

బడులకు నేరుగా అందిన పథకం అటల్ టింకరింగ్ ల్యాబ్. నీతి ఆయోగ్‌లోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో దీన్ని మొదలుపెట్టింది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు వాడుకునేలా, ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండింటికీ 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తారు. అందులో సగం ల్యాబు ఏర్పాటుకు, మిగతా సగం అయిదేళ్ల నిర్వహణకు. మైదాన ప్రాంతాల్లో ల్యాబుకు 1,500 చదరపు అడుగుల చోటు చూపించాలన్నది షరతు. దేశంలో ఇలాంటివి పదివేల దాకా వెలిశాయి. 2025 బడ్జెట్‌లో మరో 50 వేల ల్యాబులను అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో పెడతామని ప్రకటించారు.

ఆ 1,500 అడుగుల షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఎన్నో బడులను మొదటి మెట్టు మీదే ఆపేస్తుంది. పాత సికింద్రాబాద్‌లో రోడ్డు మీద దుకాణాలు, పైన తరగతులుగా నడిచే బడికి అంత జాగా ఎక్కడిది? గ్రాంటు వచ్చినచోట ఎదురయ్యే సమస్య ఇంకోటి. ల్యాబు బాధ్యత ఫిజిక్స్ సార్‌కో కంప్యూటర్ మేడమ్‌కో అదనపు పనిగా పడుతుంది. ఎన్నికల డ్యూటీ, జనగణన, పరీక్షల ఇన్విజిలేషన్ మధ్య త్రీడీ ప్రింటర్ నాజిల్ మూసుకుపోతే తీసి శుభ్రం చేసే తీరిక ఎవరికుంటుంది? మిషన్‌కు 'మెంటర్స్ ఆఫ్ చేంజ్' పేరుతో స్వచ్ఛంద నిపుణుల వ్యవస్థ ఉంది. ఇంజినీర్లు ఇంతమంది ఉన్న జంటనగరాల్లో దాన్ని వాడుకోగలిగిన బడికి ల్యాబు తాళం తెరుచుకునే ఉంటుంది.

పథకం రూపకర్తలు ల్యాబును ఒక్క బడి సొత్తుగా ఊహించలేదు. చుట్టుపక్కల పిల్లలను రానివ్వాలని, అంబేడ్కర్ జయంతి సందర్భంగా కమ్యూనిటీ డే జరపాలని మొదట్లోనే చెప్పారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

ఔట్‌రీచ్

టెక్ ఛాలెంజ్ జట్టు ఏడాది పనంతా 15 పేజీల పోర్ట్‌ఫోలియోలో కూర్చి జడ్జీలకు ఇవ్వాలి. రోబో ఎలా ఎదిగిందో చెప్పే బొమ్మల పక్కనే ఎవరికి నేర్పాం, ఎవరి దగ్గర నేర్చుకున్నాం అన్న పేజీలు తప్పనిసరిగా ఉంటాయి. అన్నిటికన్నా పెద్దదైన ఇన్‌స్పైర్ అవార్డు బరిలో మొదటి స్థానానికి దక్కాలని లేదు. అన్ని రంగాల్లోనూ మెరుగ్గా కనిపించిన జట్టుకు పోతుంది. పెద్ద రోబోల పోటీలో అత్యున్నత గౌరవం ఇంపాక్ట్ అవార్డు. 2022 దాకా దాన్ని ఛైర్మన్స్ అవార్డు అనేవారు. అది అచ్చంగా సమాజంలో చేసిన పనికే.

మార్కులున్న చోట లెక్కల గారడీ కూడా ఉంటుంది. ఉదయం ప్రార్థన సమావేశంలో అరగంట రోబోను తిప్పి, మైదానంలో నిలబడ్డ ఆరువందల మందినీ 'చేరుకున్నవారు' కింద రాసుకోవచ్చు. అనాథాశ్రమంలో ఒక మధ్యాహ్నం గడిపి, పిల్లలతో ఫొటో దిగి, మళ్లీ ఆ గుమ్మం తొక్కకపోవచ్చు. ఈ బెడద పోటీలవాళ్లకూ తెలుసు. ఫస్ట్ సంస్థ 'కొత్త జట్టును ప్రారంభించాం', 'మార్గదర్శనం చేశాం' లాంటి మాటలకు నిర్వచనాలు రాసిపెట్టింది. సాయం పొందిన జట్టు కూడా అవునని ఒప్పుకుంటేనే ఆ మాట వాడాలి. అంకెల కన్నా రెండోసారి వెళ్లారా అన్న ప్రశ్న మంచి కొలబద్ద. మొదటిసారి వెళ్లినప్పుడు పిల్లలు రోబోను చూస్తారు, రెండోసారికి దాన్ని విప్పుతారు.

తెలుగునాట సైన్సును జనంలోకి తీసుకుపోయే అలవాటు రోబోల కన్నా పాతది. 1980ల చివర పుట్టిన జనవిజ్ఞాన వేదిక కళాజాతాలతో, మూఢనమ్మకాల గుట్టు విప్పే ప్రదర్శనలతో ఊరూరా తిరిగింది. పిల్లల కోసం 'చెకుముకి' మాసపత్రిక నడిపింది, అదే పేరుతో సైన్సు పోటీలు పెట్టింది. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ కుప్పం కేంద్రంగా వ్యాన్లలోనూ మోటార్ సైకిళ్ల మీదా ప్రయోగశాలలను మోసుకెళ్లింది. తార్నాక, హబ్సిగూడల్లోని సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ ఓపెన్ డే రోజుల్లో బడి పిల్లల బస్సులతో నిండిపోతాయి. రోబో జట్ల ఔట్‌రీచ్ ఈ వరసలో చేరవలసింది. ఇప్పటిదాకా మాత్రం ఇంగ్లిష్ పోర్ట్‌ఫోలియోల ప్రపంచంలోనే ఎక్కువగా ఉండిపోయింది.

భాష సంగతి సికింద్రాబాద్‌లో మరీ తమాషాగా ఉంటుంది. కంటోన్మెంట్ చుట్టూ ఉన్న ఒక సర్కారు బడి తరగతిలో తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. 'లూప్' అంటే ఏమిటో వివరించడానికి వెళ్లిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకే వాక్యంలో మూడు భాషలు వాడి, చివరికి తానే లేచి గది చుట్టూ నాలుగుసార్లు నడిచి చూపిస్తే తప్ప పని జరగదు. 'గీత దాటితే ఆగు, లేకపోతే నడువు' అని పిల్లలనే రోబోలుగా నిలబెట్టే ఈ ఆట కంప్యూటర్ లేని బడిలోనూ పనిచేస్తుంది. పవర్ కట్‌కూ భయపడదు.

లెగో లీగ్ ఇన్నోవేషన్ ప్రాజెక్టులకు ఏటా ఒక అంశం ఇస్తారు. ఎక్కడో అనుకున్న అంశాలకు ఈ ఊళ్లోనే సమాధానాలు దొరకడం చిత్రం. 2022-23లో అంశం శక్తి వనరులు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజూ దాదాపు పది టన్నుల వ్యర్థాల నుంచి బయోగ్యాస్, దాంతో సుమారు 500 యూనిట్ల కరెంటు తీసే ప్లాంటు అప్పటికే ఉంది. ఐఐసీటీ సాంకేతికతతో కట్టిన ఆ ప్లాంటును ప్రధాని 2021 జనవరిలో మన్ కీ బాత్‌లో ప్రస్తావించారు. 2025-26 అంశం పురావస్తు శాస్త్రం. అదే బోయిన్‌పల్లి పక్కన హస్మత్‌పేటలో బృహచ్ఛిలాయుగపు సమాధులున్నాయి. చుట్టూ కాలనీలు కమ్ముకుని, పక్క వీధిలో ఉన్నవాళ్లకే వాటి గురించి తెలియదు. ఇంటర్నెట్‌లో ఈజిప్టు పిరమిడ్ల బొమ్మలు వెతికే జట్టుకూ, సిటీ బస్సెక్కి హస్మత్‌పేట వెళ్లి రాళ్ల మధ్య దూరం టేపుతో కొలిచే జట్టుకూ జడ్జీల గదిలో తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఔట్‌రీచ్ అంటే ఎప్పుడూ ఉన్నవాళ్లు లేనివాళ్లకు ఇచ్చేదేనని అనుకోనక్కర్లేదు. 2017లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి ఫస్ట్ గ్లోబల్ పోటీకి 150కి పైగా దేశాల జట్లు వచ్చాయి. అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ అమ్మాయిల జట్టుకు వీసా రెండుసార్లు తిరస్కరించి, గొడవ పెద్దదయ్యాక చివరి నిమిషంలో అనుమతించారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు హెరాత్‌లోని ఆ అమ్మాయిల బృందమే టొయోటా కారు విడిభాగాలతో చవక వెంటిలేటర్ నమూనా తయారుచేసి మళ్లీ వార్తల్లోకెక్కింది.

ఖర్చు, వీసా

వీసా ప్రస్తావన సికింద్రాబాద్‌కు దూరపు సంగతేమీ కాదు. ఫస్ట్ ప్రపంచ పోటీలు ఏటా ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో జరుగుతాయి. 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లోనే ఉండేది, ఆ తర్వాత నానక్‌రామ్‌గూడకు మారింది. జాతీయ పోటీలో అర్హత వచ్చాక ప్రయాణానికి మిగిలేది కొద్ది వారాలు. జట్టులో పది మందికి అర్హత వస్తే ఎవరి కుటుంబం టికెట్ పెట్టుకోగలదో వాళ్లే విమానం ఎక్కుతారు. రోబో చెయ్యి డిజైన్ చేసిన కుర్రాడు ఇంట్లో కూర్చుని లైవ్ స్ట్రీమ్ చూడాల్సి రావచ్చు. హ్యూస్టన్‌లో దిగిన జట్టుకు డాలస్ శివార్ల తెలుగు కుటుంబాల పిల్లలు ప్రత్యర్థి జట్ల టీషర్టుల్లో కనిపించడం కూడా ఇప్పుడు వింత కాదు.

కేరళ ఇంకో దారి పట్టింది. అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ బడులకు 29 వేల రోబోటిక్ కిట్లు పంచి, 2025-26 నుంచి పదో తరగతిలో నాలుగు లక్షలకు పైగా విద్యార్థులందరికీ రోబోటిక్స్ పాఠ్యాంశం చేసింది. జట్టు, కప్పు, విమానం ఏవీ లేకుండా అందరికీ కాస్త కాస్త. తెలుగు రాష్ట్రాల్లో కేంద్రం నడిపే ఇన్‌స్పైర్-మానక్ పథకం కింద ఆలోచన ఎంపికైన విద్యార్థికి పదివేల రూపాయలు వస్తాయి. జిల్లా ప్రదర్శనల్లో సెన్సర్ పెట్టిన చేతికర్రలు, నీటి ట్యాంకు అలారాలు ఏటా కనిపిస్తాయి. జట్టుగా, సీజన్ పొడుగునా పనిచేసే అలవాటు మాత్రం ఆ పద్ధతిలో రాదు.

పది తర్వాత

అమెరికాలో హైస్కూలు నాలుగేళ్లు. జట్టులో పన్నెండో తరగతివాళ్లు తొమ్మిదోవాళ్లకు నేర్పి వెళ్లిపోతారు, జట్టు ఇరవై ఏళ్లు నిలుస్తుంది. తెలంగాణలో స్టేట్ బోర్డు బడి పదితో ఆగిపోతుంది. ఇంటర్‌కు కాలేజీ మారాలి. ఎంపీసీ తీసుకున్న పిల్లలు, అంటే ఎక్కువగా రోబోలంటే ఇష్టపడేవాళ్లే, పొద్దున్నుంచి రాత్రి దాకా సాగే స్టడీ అవర్ల కార్పొరేట్ కాలేజీల్లోకి పోతారు. టెక్ ఛాలెంజ్ 18 ఏళ్ల దాకా, రోబో ఒలింపియాడ్ సీనియర్ విభాగం 19 ఏళ్ల దాకా అనుమతిస్తున్నా, మన దగ్గర జట్టుకు అసలు బలం కావలసిన పదహారు, పదిహేడేళ్లవాళ్లు అప్పటికే చేజారిపోయి ఉంటారు. ప్లస్ టూ ఉన్న కేంద్రీయ విద్యాలయాలు, సీబీఎస్‌ఈ బడులకు ఇక్కడ కాస్త మొగ్గుంది. అక్కడా పన్నెండో తరగతివాళ్లు జట్టు ఫొటోలో తప్ప గదిలో కనిపించరు.

క్యాలెండర్ కూడా కలిసిరాదు. టెక్ ఛాలెంజ్ ఆట సెప్టెంబరులో వెల్లడవుతుంది, పెద్ద మ్యాచ్‌లు చలికాలం చివర్న పడతాయి. జనవరిలో జేఈఈ మెయిన్ తొలి విడత, ఫిబ్రవరి చివరో మార్చిలోనో ఇంటర్ పరీక్షలు, ఆ వెంటే పదో తరగతి. కాబట్టి ఇక్కడి జట్టు నిజంగా నడిచేది ఎనిమిది, తొమ్మిది తరగతుల చేతుల్లో. రెండేళ్లకోసారి జట్టంతా మారిపోయినట్టే. పోయిన ఏడాది గేర్ నిష్పత్తి ఎందుకు మార్చారో, ఏ మోటార్ కాలిపోయిందో గుర్తున్నవాళ్లే ఉండరు.

దీనికి కొన్ని జట్లు కనుక్కున్న మందు ఔట్‌రీచ్‌ను మొదట సొంత గుమ్మం నుంచి మొదలుపెట్టడం. ఆరు, ఏడు తరగతుల వాళ్లను శనివారాలు కూర్చోబెట్టి టంకం పట్టడం నేర్పించి, ఇంజినీరింగ్ నోట్‌బుక్‌ను వాళ్ల చేతుల్లోనే పెడతారు. ఏ రోజు ఏం పాడైంది, ఏం మార్చాం, ఫలితమేమిటి అని తేదీ వేసి రాసే ఆ పుస్తకాన్ని పోటీల్లో జడ్జీలు అడిగి చూస్తారు. ఇంటర్‌లో చేరిన సీనియర్లు దసరా, సంక్రాంతి సెలవులకు వచ్చి తమ చేతిరాతలో ఉన్న పేజీలు తిప్పి చూపించి, పాత తప్పు మళ్లీ చేస్తున్నారంటూ తమ్ముళ్లను, చెల్లెళ్లను కేకలేసి వెళ్తుంటారు.